డేగల వడ్డన

పద్దు 1, సోమవారం

గాలి సరిపడా ఉంది. నీళ్ళు నిన్నటికంటే ఒక గీత తక్కువ. రాళ్ళు మూడు, మూడూ చిన్నవే. ఊరికి నష్టం లేదు.

సరుకుల ఓడ కొత్త డేగలు నలభై దింపి వెళ్ళింది. పాతవి పన్నెండు. ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడిచి, వీపు మీద నంబరు వేసి, గూళ్ళలో సర్దేసరికి భోజనాల గంట కొట్టారు.

ఈ గ్రహం చుట్టూ ఆకాశంలో తిరిగే ఉంగరం నుంచి రాళ్ళు జారి మా ఊరి మీదికి నిదానంగా వస్తుంటాయి. యంత్రపు డేగ ఎదురెళ్ళి, తన కడుపులోని ఆవిరితో రాయిని పక్కకి నెట్టి, తిరిగొచ్చి గూట్లో కూర్చుంటుంది. ఏ డేగ ఏ రాయి మీదికి వెళ్ళాలో లెక్కల పెట్టె చెబుతుంది. పెట్టె చెప్పినదాన్ని పంపడం, తిరిగొచ్చినవాటిని లెక్క పెట్టడం, ఈ పద్దు రాయడం నా పని. నాకు ముందున్నాయన పోయాక ఆయన వదిలిన పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఎంత వచ్చిందో నాకూ తెలియదు.

సాయంత్రం ఏడు రాళ్ళు ఒకేసారి వచ్చాయి. కొత్తవీ పాతవీ కలిపి యాభై రెండు డేగల్నీ పెట్టెకి అప్పజెప్పి అడిగాం. పెట్టె దీపం వెలిగించుకుని ఆలోచనలో పడింది. మేం చూస్తూ ఉన్నాం. రాళ్ళు వచ్చాయి, పడ్డాయి. ఆరు మైదానంలో పడ్డాయి. ఏడోది ఊరి గేటు బయట ఉన్న అధ్యక్షుడు పోలినాయుడు గారి విగ్రహం చెవి పట్టుకుపోయింది. విగ్రహం ఆయనే పెట్టించుకున్నారు. చెయ్యెత్తి ఉంగరం వైపు చూపిస్తూ ఉంటుంది.

మజ్జిగ తాగుతుండగా పెట్టె జవాబు చెప్పింది. యంత్రాల ఇంజనీరు జయంతి దాన్ని సరిచూసింది.

"జవాబు సరైనదే బాబాయ్. ఒక్క తప్పు లేదు."

"రాళ్ళు పడ్డాయి."

"దాని తప్పేటుంది? ప్రతి డేగనీ ప్రతి రాయితోనూ జతకట్టి చూస్తంది. ఒక రాయికి ఇద్దరు, ముగ్గురు వెళ్తే ఎలగుంటాదో అదీ చూస్తంది. అన్నీ చూసి, మంచిది చెబుతాది. పన్నెండుంటే చిటికెలో పని. నలభై వచ్చి చేరేసరికి జతలు పెరగడం కాదు, గుణించుకుపోయాయి."

"జల్లు రోజున వంద రాళ్ళొస్తే?"

జయంతి లెక్క వేసింది. "చెబుతాది. మన మనవల మనవలకి చెబుతాది."


పద్దు 2, మంగళవారం

గాలి సరిపడా. రాళ్ళు లేవు. సభ ఉంది.

ఈ నెలాఖరు శుక్రవారం ఉంగరం ఒరుగుతుంది. ఆ రోజే ఏటేటా వచ్చే రాళ్ళ జల్లు. పోయిన ఏడాది పన్నెండు డేగలూ ఆవిరి ఖాళీ అయి కూర్చుంటే చిక్కుడు పందిరి గాజు పగిలి, పాదులన్నీ గాలి లేక ఒక్క ఊపులో నల్లబడిపోయాయి. ఈ ఏడాది జల్లు ఇంకా పెద్దదట.

పోలినాయుడు గారు లేచి నిలబడ్డారు. "మహాజనులారా! ఈసారి ఒక్క గాజుపలక పగిలినా, ఉన్న తొమ్మిది పందిళ్ళూ ఎత్తేసి అందరం కింది సొరంగంలోకి దిగిపోదాం. అక్కడ రాయి భయం లేదు. కూరగాయల బదులు ముద్ద తయారుచేసే డ్రమ్ము సిద్ధంగా ఉంది. రుచి చూడండి."

తలా ఒక చెంచా ముద్ద పెట్టారు. భోజనాల హాలు పెద్ద గుంపస్వామి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అతను నా భార్య దాలమ్మకి అన్న.

"ఉప్పు సరిపోయింది" అన్నాడు.

"మిగతాది?"

"ఉప్పు ఒకటే తెలుస్తంది బావా."

దాలమ్మ చెంచా నోట్లో పెట్టుకోలేదు. తొమ్మిదో పందిరి ఆమెది. అన్నిటికంటే చిన్నది. అందులో ఒక్క దొండపాదు ఉంది. వాళ్ళమ్మ ఓడ ఎక్కినప్పుడు తడిగుడ్డలో చుట్టి తెచ్చిన తీగముక్క నుంచి వచ్చింది. దొండ గింజ వేస్తే నమ్మకం లేదు, తీగే పాతాలి. రెండుసార్లు సొరంగంలో దీపాల కింద పాతి చూసింది. రెండుసార్లూ వారం తిరక్కుండా పసుపుపచ్చగా అయి రాలిపోయింది.

దారిలో అంది: "కిందికి దిగిపోతే ఇంక దొండ లేనట్టే."

"ఊ" అన్నాను.

"ఊ ఏటి? ఏదో ఒకటి చెయ్యి."


పద్దు 3, గురువారం

జయంతి ఒక ఉపాయం వేసింది. ఊరి ఆకాశాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కకి పదమూడు డేగల్ని ఇచ్చింది. ప్రతి ముక్కకీ వేరే పెట్టె. పదమూడైతే పెట్టెకి తేలిక. జవాబులు చకచకా వచ్చాయి.

రాళ్ళన్నీ తూర్పు ముక్కలోకే వచ్చాయి. తూర్పు డేగలు ఆవిరి ఖాళీ అయి దిగిపోయాయి. మిగతా మూడు వైపులా ముప్పై తొమ్మిది డేగలు కడుపు నిండా ఆవిరితో గూళ్ళలో కూర్చుని చూశాయి. విగ్రహం రెండో చెవి పోయింది.

"ఇప్పుడు రెండు వైపులా సమానంగా ఉంది" అన్నాడు గుంపస్వామి, అధ్యక్షుడు వినకుండా.


పద్దు 4, శుక్రవారం

గాలి సరిపడా. నీళ్ళు సరిపడా. రాయి ఒకటి, చిన్నది.

మా ఊళ్ళో ఇళ్ళల్లో పొయ్యి వెలిగించకూడదు. మూడు వందల మందిమీ హాల్లో పంక్తుల్లో కూర్చునే తింటాం. కంచాన్ని ఇప్పటికీ ఆకు అనే అంటాం. వడ్డన వంతుల మీద జరుగుతుంది.

ఈ రోజు నా వంతు లేదు. కూర్చుని చూశాను. పద్ధెనిమిది మంది బకెట్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పడం లేదు. గుంపస్వామి మధ్యలో నిలబడి అరుస్తాడు గానీ అతని మాట ఎవరూ వినరు. అయినా అన్నం చల్లారకముందే అందరి ఆకుల్లోకీ అన్నీ వచ్చేశాయి.

జయంతి పక్కనే కూర్చుని ఉంది. "డేగల్ని వడ్డనకి పంపితే?" అన్నాను.

ఆమె ముద్ద నోటి దగ్గర ఆపింది. "బాబాయ్, మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పలేదు. ఒకసారి చెప్పింది చాలనిపించింది. ఆమె చెయ్యి కడుక్కోకుండానే గుంపస్వామిని పిలుచుకొచ్చింది.

"వడ్డనకి రూల్సు ఏంటి మావా?"

గుంపస్వామి ఛాతీ పెంచాడు. "మొదటిది, కాళీ ఆకు ఎక్కడుందో చూసి ఎల్లాల. రెండోది, ఎల్లేముందు 'ఇక్కడ నేను' అని ఒక కేకెయ్యాల. కేక విన్నోడు ఇంకో ఆకు చూసుకోవాల. ఆకు మీద చెయ్యడ్డం పెడితే చాలని అర్థం, మరి పొయ్యకూడదు. మూడోది, పెద్దోరికి ముందు. పెద్దోరి ఆకు దగ్గిర ఎంతమంది ఆగినా తప్పు లేదు. అది మర్యాద."

జయంతి రాసుకుంది. "పెట్టెతో పనే లేదు! ప్రతి డేగా తన చుట్టుపక్కల కేకలు మాత్రం వింటే చాలు. యాభై రెండు కాదు, అయిదు వందలున్నా ఒక్కొక్కదానికి పని పెరగదు."

"మరేటనుకున్నావు" అన్నాడు గుంపస్వామి, అదంతా తన ఇంట్లోంచి తెచ్చినట్టు.


పద్దు 5, సోమవారం

డేగలకి మూడు మాటలు నేర్పాం. "నాది." "చాలు." "ఇంకొకరు." ఎక్కువ బరువున్న రాయి అయితే ఇద్దరో ముగ్గురో కలిసి నెట్టాలి కాబట్టి మూడోది. కేక విన్న డేగ "విన్నాను, నీది" అని తప్పుకుంటుంది. అవి ఏమనుకుంటున్నాయో నా బల్ల మీది పలకలో అక్షరాల్లో కనబడుతుంది.

మూడో రూలు కోసం, ఎక్కడ పడితే ఎంత నష్టమో ఒకటి నుంచి పది దాకా అంకె వేయమని సభ చెప్పింది. అర్జీ పెట్టుకున్నవాళ్ళకి సభే ముద్ర కొట్టి పంపుతుంది. మిగతావాటికి పందిరి సైజు చూసి నేను వేయాలి.

తెల్లారేసరికి డేగల గది ముందు జనం. టమాటా పందిరికి పది. వంగ పందిరికి, టమాటా కంటే తక్కువేటని, పది. కోళ్ళ గూటాయన రెండు గుడ్లు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తిరిగిచ్చాను. ఇచ్చేటప్పుడు ఒకటి పగిలింది. అతనికి సభ ఎలాగూ పది వేసింది. పోలినాయుడు గారి విగ్రహానికి పది, ఆ పైన ఒక చుక్క. చుక్క అంటే ఏమిటని అడిగాను. "మర్యాద" అన్నారు.

సాయంత్రానికి ఊళ్ళో పది కానిది తొమ్మిదో పందిరి ఒక్కటే. సైజు ప్రకారం దానికి మూడు వేశాను.

దాలమ్మ వచ్చి పలక చూసింది. "అందరికీ పది. నాకు మూడా?"

"చిన్న పందిరి."

"అర్జీ పెట్టలేదనా? మొగుడి దగ్గిరికి అర్జీ అట్టుకు రావాలేటి?"

"నా చేత్తో నేను వేసుకుంటే బాగోదు."

"నీకు బాగోదు. దొండకి బాగుంటాదా?"

ఆమె మాట సరైనదే. నా మాటా సరైనదే. భోజనానికి విడివిడిగా వెళ్ళాం.


పద్దు 6, మంగళవారం

గాలి సరిపడా. దాలమ్మ మాట్లాడలేదు.

రాళ్ళు రెండు. ఒకటి శనగగింజంత, విగ్రహం వైపు వచ్చింది. ఇంకొకటి గుమ్మడికాయంత, స్నానాల గదుల వైపు. చుక్క ఉన్నది విగ్రహానికి కాబట్టి ఆ దగ్గర్లో ఉన్న పదింట్లో తొమ్మిది డేగలు "నాది" అని బయల్దేరాయి. అక్కడ ఎంతమంది ఆగినా తప్పు లేదు కాబట్టి ఏదీ వెనక్కి తగ్గలేదు. శనగగింజని తొమ్మిదీ కలిసి ఎంత గౌరవంగా సాగనంపాయంటే, అది ఉంగరం దాకా తిరిగెళ్ళి ఉండాలి. గుమ్మడికాయ దగ్గరికి వెళ్ళినది ఒకటే. అది "ఇంకొకరు, ఇంకొకరు" అని పిలుస్తూనే ఉంది.

నీళ్ళ గొట్టం పగిలింది. రెండు రోజులు స్నానాలు లేవు. విగ్రహం మాత్రం శుభ్రంగా ఉంది.


పద్దు 7, గురువారం

సభ. స్నానం లేని సభ త్వరగా ముగుస్తుందని ఈ రోజు తెలిసింది.

జయంతి చెప్పింది: అంకెలన్నీ తీసేద్దాం. గాజు ఎక్కడున్నా గాజే. ఏ పలక మీదికి వచ్చే రాయైనా ఒకటే లెక్క.

"అంటే నా విగ్రహానికీ కోళ్ళ గూటికీ ఒకటే లెక్కా?" అన్నారు పోలినాయుడు గారు.

"ఒకటి కాదండీ. కోళ్ళకి గాలి కావాలి. విగ్రహానికి అక్కర్లేదు కదా. అందుకని విగ్రహాన్ని లెక్కలోంచే తీసేస్తున్నాం."

ఆయన చాలాసేపు ఆలోచించారు. పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం కొంచెంగా దూరం జరుగుతున్నారు. చివరికి "కానివ్వండి" అన్నారు.

తొమ్మిదో పందిరి ఇప్పుడు అన్నిటితో సమానం. ఆ సంగతి ఇంట్లో చెప్పాను. దాలమ్మ గోడవైపు తిరిగి, పక్కనే ఉన్న వాళ్ళన్నతో అంది: "అడిగినప్పుడు ఇవ్వకుండా, అందరికీ ఇచ్చినప్పుడు నాకూ ఇచ్చాడట. చెప్పు మీ బావకి, సంతోషం అని."

గుంపస్వామి నావైపు తిరిగాడు. "సంతోషమట బావా."

"విన్నాను" అన్నాను.


పద్దు 8, శనివారం

గాలి సరిపడా. నీళ్ళు వచ్చాయి. ఊరంతా స్నానం చేసింది.

ఉదయం పన్నెండు రాళ్ళు. పదకొండింటిని డేగలు ఎంత బాగా పంచుకున్నాయంటే జయంతి చప్పట్లు కొట్టింది. పన్నెండోది రెండు డేగలకి సరిగ్గా మధ్యలో వచ్చింది. పలక మీద వచ్చినది వచ్చినట్టు రాస్తున్నాను.

17: నాది.
31: నాది.
17: విన్నాను. నీది.
31: విన్నాను. నీది.
17: అయితే నాది.
31: అయితే నాది.
17: నీది.
31: నీది.

ఇలా రాయి నేల తాకేదాకా జరిగింది. తాకాక కూడా రెండుసార్లు అనుకున్నాయి. మైదానంలో పడింది కాబట్టి సరిపోయింది. జల్లు రోజున పందిరి మీద పడితే సరిపోదు.

గుంపస్వామి పలక చదివి సంబరపడ్డాడు. "అచ్చం మనోళ్ళే! గుమ్మం దగ్గిర ఇద్దరు కలిస్తే ఇలగే కదా, 'మీరు పదండి, మీరు పదండి' అనుకుంటా బస్సు ఎల్లిపోయేదాకా."

"బస్సంటే ఏంటి మావా?" అంది జయంతి.

"తెలీదు. మా తాత అనేవోడు."

"మరి హాల్లో ఇద్దరు ఒకే ఆకు దగ్గర కలిస్తే ఏం చేస్తారు?"

"ఏటి సేత్తారు? ఒకడు పోస్తాడు."

"ఎవరు?"

గుంపస్వామి గాల్లో పోస్తున్నట్టు చెయ్యి ఆడించి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ హాలుకి పెద్దగా ఉన్నాడు. తెలియదు.

జల్లు ఇంకా ఆరు రోజుల్లో ఉంది. జయంతి నంబర్ల ప్రకారం వెళ్ళమందామంది. చిన్న నంబరు ముందు వెళ్తుంది. చేసి చూశాం. చిన్న నంబర్లు పాత డేగలు. అన్ని తగాదాల్లోనూ అవే వెళ్ళి, ముందుగా అవే ఖాళీ అయి, మధ్యాహ్నానికి పాత పన్నెండూ గూళ్ళలో చతికిలబడ్డాయి.


పద్దు 9, ఆదివారం

భోజనానికి జయంతి ఎదురుగా కూర్చున్నాను. తినడానికి కాదు, చూడడానికి.

వడ్డనలో ఈ రోజు దాలమ్మ వంతు. పప్పుచారు బకెట్టు ఆమెది. ఇంకో పప్పుచారు బకెట్టు గుంపస్వామి తనే పట్టుకుని తిరుగుతున్నాడు, ఎవరు పోస్తారో కనిపెడతానని. అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరో వైపు నుంచి వచ్చి జయంతి ఆకు దగ్గర కలిశారు. ఇద్దరూ ఆగారు. గుంపస్వామి కళ్ళు పెద్దవి చేసుకుని ఏం జరుగుతుందా అని చూస్తున్నాడు.

దాలమ్మ అతని బకెట్టులోకి తొంగి చూసింది. అడుగున ఉంది. తనది నిండుగా ఉంది.

"ఏటలగ చూస్తావు అన్నా? నా చెయ్యి లాగేస్తంది. జరుగు" అని పోసేసింది.

జయంతి ఆకు వదిలి లేచింది. "అదే! బరువు బకెట్టు పోస్తుంది!"

"అదేటి కొత్తా?" అంది దాలమ్మ. "తేలిక బకెట్టోడు అక్కడ కాళీ చేసేత్తే, చివరాకరి ఆకుకి ఏటుంటాది? చెప్పాలేటి, చేతికి తెలుస్తాది కదా."

"మరి నాకు చెప్పలేదేటే?" అన్నాడు గుంపస్వామి.

"నువ్వెప్పుడు బకెట్టు అట్టుకున్నావు, అరవడం తప్ప?"

హాలంతా నవ్వింది. గుంపస్వామి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. దాలమ్మ నా ఆకు దగ్గరికి వచ్చింది. పప్పుచారు పోసింది. మాట్లాడలేదు.

మధ్యాహ్నం నుంచి డేగలు "నాది" అన్నప్పుడల్లా కడుపులో ఆవిరి ఎంతుందో కూడా చెప్పేట్టు మార్చాం. ఇద్దరు కలిస్తే నిండుగా ఉన్నది వెళుతుంది. రెండూ సమానమైతే పాతది వెళుతుంది. అది గుంపస్వామి కోరిక, ఏదో ఒకటి అతనిది ఉండాలి కదా.


పద్దు 10, గురువారం

నాలుగు రోజులుగా చిన్న రాళ్ళ మీద చూస్తున్నాం. తగాదా లేదు. రేపు జల్లు. డేగలన్నిటికీ ఆవిరి నింపాను. దాలమ్మ దొండపాదు నుంచి రెండు తీగముక్కలు కోసి తడిగుడ్డలో చుట్టింది. అవి సొరంగంలో బతకవని ఆమెకీ తెలుసు.


పద్దు 11, శుక్రవారం

గాలి సరిపడా.

ఊరంతా సొరంగంలోకి దిగింది. డేగల గదిలో నేను, జయంతి ఉన్నాం. గుంపస్వామి పిలవకుండానే గరిటె పట్టుకుని వచ్చాడు. ధైర్యానికట.

నా బల్ల మీద ఒక ఎర్ర మీట ఉంది. దాన్ని నొక్కితే డేగల మాట ఆగిపోయి, నేను చెప్పిందే చేస్తాయి. జయంతే పెట్టించింది. ఏదైనా తలకిందులైతే పనికొస్తుందంది.

రాళ్ళు మొదలయ్యాయి. మొదట అయిదారు, తరవాత గుంపుగా. పలక మీద అక్షరాలు చదవలేనంత వేగంగా జారాయి. "నాది, నాది, చాలు, ఇంకొకరు, నాది." చూస్తూ ఉంటే భోజనాల హాలు చప్పుడు విన్నట్టే ఉంది. ఒక పెద్ద బండ వంగ పందిరి మీదికి వచ్చింది. మూడు డేగలు కలిసి నెట్టాయి. నాలుగోది దారిలో "చాలు" విని వెనక్కి తిరిగి టమాటా మీదికి వచ్చేదాన్ని అందుకుంది. గుంపస్వామి గరిటె ఊపాడు. "అదీ వడ్డనంటే! చివరాకు దాకా ఎల్లండ్రా!"

ఎవరో లోపలికి వచ్చి నా వెనక నిలబడ్డారు. తడిగుడ్డ వాసన వచ్చింది. తిరిగి చూడలేదు.

జల్లు సన్నగిల్లింది. డేగల కడుపుల్లో ఆవిరి అడుగంటింది. అప్పుడొక రాయి, మైదానం వైపు నెడుతుండగా రెండు ముక్కలైంది. ఒక ముక్క మైదానం దారి పట్టింది. బుడమకాయంత ముక్క తొమ్మిదో పందిరి మీదికి తిరిగింది.

పలక మీద రెండు కేకలు.

5: నాది. ఆవిరి కొంచెం.
40: నాది. ఆవిరి సగం.
5: విన్నాను. నీది.

అయిదో నంబరు పందిరి పక్కనే ఉంది. నలభయ్యోది కేక వినబడేంత దూరంలోనే ఉన్నా, ఊరికి అవతల, కోళ్ళ గూటి మీద ఉంది. అక్కణ్ణించి రావాలి. పలక మీద దాని గుర్తు ఎంత మెల్లగా కదిలిందంటే, కదలడం లేదేమో అనిపించింది.

నా చెయ్యి మీట మీదికి వెళ్ళింది. పక్కనున్నదాన్ని పంపితే ముందు చేరుతుంది. ఊళ్ళో ఏ గాజు గురించీ నేను చెయ్యి కదపలేదు. ఈ ఒక్కటీ కదపబోయాను. ఈ పద్దులో నిజమే రాస్తాను కాబట్టి రాస్తున్నాను.

నా వెనక నుంచి దాలమ్మ మాట వినబడింది.

"అన్నా, ఆ చెయ్యి తియ్యమను."

గుంపస్వామి బిత్తరపోయాడు. "బావా, చెయ్యి..."

"అయిదోదాని బకెట్టు కాళీ అని చెప్పు. దగ్గిరకెల్లి ఏటి పోస్తాది? నిండుది వస్తంది కదా. రానీమను."

చెయ్యి తీసేశాను. తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. రాయి దిగుతోంది. నలభయ్యోది వస్తోంది. జయంతి కుర్చీలోంచి లేచింది. గుంపస్వామి గరిటెని గుండెకి అదుముకున్నాడు. 

పందిరి కొప్పుకి మూరెడు ఎత్తులో నలభయ్యోది రాయిని అందుకుంది. ఉన్న ఆవిరంతా ఒక్కసారిగా వదిలి నెట్టింది. రాయి కొప్పు కమ్మీని గీసుకుంటూ పక్కకి పోయింది. గాజు వణికింది. అంతే. రాయి ఇంకా వెళ్ళి, వెళ్ళి, గేటు బయట విగ్రహం ఎత్తిన చేతిని మోచేతి దాకా తీసుకుని ఆగింది.

40: చాలు.

గాజుపలకలు పగిలినవి లేవు. రెండుసార్లు లెక్కపెట్టాను.

పోలినాయుడు గారు సొరంగంలోంచి వచ్చి విగ్రహం చుట్టూ తిరిగి చూశారు. చెవులు లేవు, చెయ్యి లేదు. అందరం ఆయన ఏమంటారా అని నిలబడ్డాం.

"ఇది గాజు కాదు కదా" అన్నారు చివరికి. "పందిళ్ళు ఉంటాయి. ఆ ముద్ద డ్రమ్ము కడిగి పచ్చళ్ళకి వాడుకోండి." కాస్త ఆగి, "ముక్కు మిగిలింది, చూశారా" అన్నారు.


పద్దు 12, ఆదివారం

గాలి సరిపడా. నీళ్ళు సరిపడా. రాళ్ళు లేవు.

హాల్లో దొండకాయ వేపుడు. మూడు వందల మందికి ఒక్క పాదు కాయలంటే తలా నాలుగు చక్రాలు వస్తాయి. అయినా అందరూ కూర్చున్నారు. జయంతి తన నాలుగూ ఒక్కొక్కటే తింది. పోలినాయుడు గారు నాలుగూ ఒకేసారి నోట్లో వేసుకుని, అన్నీ అయ్యాక పక్క ఆకు వైపు చూశారు.

నేను పంక్తి చివర కూర్చున్నాను. వేపుడు ఇక్కడి దాకా వస్తుందా అని లెక్క వేసుకుంటున్నాను. రాకపోవచ్చని తేలింది.

నా ఆకు దగ్గర ఇద్దరు ఆగారు. ఒకవైపు గుంపస్వామి, ఈసారి నిజంగా వడ్డిస్తున్నాడు. ఇంకోవైపు దాలమ్మ. అతని గిన్నెలో గరిటెడు ఉంది. ఆమె గిన్నెలో అంతకంటే చాలా ఉంది. చివరి దాకా వచ్చినా అంత ఎలా మిగిలిందో నేను అడగలేదు. జల్లు వెళ్ళిపోయింది, ఈ లెక్క నాకు అప్పజెప్పలేదు.

"జరుగన్నా" అంది దాలమ్మ. "నాదే బరువు."

వంగి నా ఆకులో వేసింది. నాలుగు చక్రాలు, ఆ పైన ఇంకో నాలుగు. ఊళ్ళో ఎవరికీ నా చేత్తో పది వేయకుండా, చుక్క పెట్టకుండా నేను కాపాడిన లెక్కంతా అక్కడ, నా ఆకులోనే తప్పింది.

"చాలు" అని చెయ్యి అడ్డం పెట్టాను.

"చెయ్యి తియ్యి" అంది. ఈసారి వాళ్ళన్నతో కాదు, నాతోనే.

తీశాను.